విశాఖ రేవులో సరకు లెక్క: టాలీ నుండి కంటైనరు సంఖ్య దాకా

ఓడరేవుల చరిత్రలో ఎగుమతి అంకెలకు కొదవ లేదు. ఆ అంకెను ఎవరు, ఎక్కడ నిలబడి లెక్కించారన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది. సరకు తగ్గినప్పుడు నష్టం ఎవరు భరించాలో తేల్చేది ఆ లెక్కే కనుక, విశాఖపట్నం రేవు ఆధారంగా దానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1933కు ముందు ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. మూటలు మసులా పడవల్లో అలలు దాటి ఓడను చేరేవి. ఒడ్డున ఎక్కించినవి ఎన్ని, ఓడకు అందినవి ఎన్ని అన్న రెండు లెక్కల మధ్య సముద్రం ఉండేది. 1933లో హార్బరు ప్రారంభమై ఓడ గట్టుకు ఆనడంతో ఆ ఎడం తొలగింది.

గట్టుమీది లెక్క టాలీ గుమస్తాది. క్రేను ఎత్తే ప్రతి వలలోని బస్తాలను చూసి అతడు గీతలు గీస్తాడు: నాలుగు నిలువు గీతలు, అయిదవది వాటికి అడ్డంగా. ఎగుమతిదారు మనిషి ఒక లెక్క, ఓడ పక్షం వారు మరొక లెక్క రాస్తారు. రెండూ కలవకపోతే ఓడ అధికారి ఇచ్చే మేట్ రసీదులో ఆ తేడా నమోదవుతుంది. అక్కడి నుండి బిల్ ఆఫ్ లేడింగ్‌లోకి ఎక్కితే బ్యాంకు సొమ్ము చెల్లించడానికి నిరాకరించవచ్చు. 1925 నాటి భారత సముద్ర సరకు రవాణా చట్టం బిల్లులోని సంఖ్యను ఓడ యాజమాన్యానికి సరకు అందిందనడానికి ప్రాథమిక సాక్ష్యంగా చేసింది. ఎండలో నిలబడి గీసిన పెన్సిలు గీతకు అంతటి బలం ఉంది. గుమస్తాల జీతాలు ఆ బలానికి తగినట్టు ఉండేవని అనుకోలేము.

అయితే విశాఖకు పేరు తెచ్చినది మూటల సరకు కాదు. మాంగనీసు, తరువాత జపానుకు వెళ్లిన బైలదిల్లా ఇనుప ఖనిజం. అక్కడ గీతలకు పని లేదు. నింపకముందు, నింపిన తరువాత ఓడ నీటిలో ఎంత లోతు మునిగిందో కొలిచి, ఇంధనం, బ్యాలస్టు నీటిలో వచ్చిన మార్పులను సవరించి బరువు తేలుస్తారు. ఓడే త్రాసు.

2003లో కంటైనరు టెర్మినల్ వచ్చాక లెక్క మరోసారి మారింది. పెట్టెపై నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకె మిగిలినవాటి నుండి గణించి సరిచూసుకునేది. సంఖ్య తప్పితే పట్టుబడుతుంది, లోపలి సరకు తగ్గితే పట్టుబడదు. సరిచూసే వీలు లేని సంఖ్యను బిల్లులో చూపనక్కరలేదని పై చట్టమే చెప్పింది. అందుకే ‘ఎగుమతిదారు చెప్పిన ప్రకారం’ అనే మాట బిల్లులలో స్థిరపడింది.

దీనితో మూటల లెక్క గట్టు నుండి గోదాము గుమ్మానికి తరలింది. ఇప్పుడు అక్కడ గీతల స్థానంలో బార్‌కోడు స్కానరు ఉంది. ఒకే పెట్టెను రెండుసార్లు స్కాన్ చేస్తే యంత్రం తిరస్కరించగలదు. స్కాన్ చేసి లోపల పెట్టడం మరచిన పెట్టెను మాత్రం అది గుర్తించలేదు. ఎందుకంటే అది చదివేది చీటీని, ఎక్కించడాన్ని కాదు. సీలు చెక్కుచెదరకుండా చేరిన కంటైనరులో సరకు తక్కువైతే, గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టిన మనిషినే మళ్లీ పిలిపిస్తారు.