బంతిపూవు – నామవిచారము

గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి చేలలో ప్రత్తికిని మిరపకును అండగా బంతిమొక్కలను నాటుట నేడు కానవచ్చుచున్నది. శనగపచ్చపురుగు యొక్క తల్లి పైరుకంటె బంతిపూవులపై గ్రుడ్లు పెట్టుటకు మక్కువ చూపును గనుక వ్యవసాయశాస్త్రజ్ఞులు దీనిని ఎరపంటగా వేయుడని చెప్పుచున్నారు. 1987–88లో తెల్లదోమ వలన ప్రత్తి నాశమై ఈ ప్రాంతపు రైతులు ప్రాణములు తీసికొనిన చరిత్ర నెరిగినవారికి ఇట్టి ఉపాయముల విలువ వేరుగ చెప్పనక్కరలేదు. సంక్రాంతికి గొబ్బెమ్మల తలపై నిలుచునదియు, గుమ్మములకు తోరణమగునదియు ఈ పూవే. ఇంతగా మన యింటిదైన దానికి బంతి యను పేరెట్లు వచ్చినది?

తెలుగున బంతి శబ్దములు రెండు గలవు. ఒకటి కందుకార్థకము. రెండవది సంస్కృత ‘పంక్తి’ శబ్దభవము. బంతిభోజనము, కళ్లమున ఎడ్లను బంతిగట్టి త్రొక్కించుట మొదలగు ప్రయోగములలో నున్నది ఇదియే. గట్ల వెంబడి వరుసగా నాటుటచేతనో, దండగా గ్రుచ్చుటచేతనో పూవునకీ పేరు పంక్తి శబ్దమునుండి వచ్చినదని యెవరైన ననవచ్చును. కాని వరుసగా నాటని మొక్క యేది? దండ గ్రుచ్చని పూవేది?

ఇరుగుపొరుగు భాషలను చూచినచో సంశయము తీరును. కన్నడిగులు దీనిని ‘చెండుహూవు’ అందురు, చెండనగా బంతి. మలయాళమున ‘చెండుమల్లి’. హిందీలో ‘గేందా’, అమరసింహుడు కందుకమునకు పర్యాయముగా చెప్పిన ‘గేందుక’ శబ్దము దీనికి మూలము. మాటలు వేరు, భావ మొక్కటే. చెండు, గేందా శబ్దములకు పంక్త్యర్థము లేదు గదా! కావున తెలుగు బంతియు కందుకమే. తమిళులు మాత్రము మఱొక త్రోవ త్రొక్కిరి. వారు దీనిని ‘తులుక్క చెవ్వంది’ యనిరి; తురక చామంతి యని తాత్పర్యము. పరదేశపు మొక్కను తురకల పేర పిలుచుట వాడుకయే. మనకును తురకవేప గలదు. రూపమునుబట్టి పేరు పెట్టిన మనము ఈ పూవు పరాయిదను సంగతి మఱచితిమి. తమిళుల మాటలో ఆ జ్ఞాపకము నిలిచినది.

ఇది నిజముగా పరదేశపుదే. దీని జన్మభూమి మెక్సికో. అచ్చటి నావాట్ల్ భాషలో దీనిపేరు ‘సెంపోవల్‌షోచిట్ల్’, అనగా ఇరువదిపూవు. 16వ శతాబ్దిన పోర్చుగీసువారి నావలు మన తీరములకు తెచ్చిన అమెరికా మొక్కలలో ఇదియు నొకటి. 1753లో లిన్నేయసు దీనికి ‘టాజెటీస్ ఎరెక్టా’ యని శాస్త్రనామ మిడెను. ఆంగ్లేయులు దీనిని ఆఫ్రికా మేరీగోల్డు అనుట వింతయే. ఆఫ్రికా దీని పుట్టినిల్లు కాదు, మేరీగోల్డు అను పేరు అంతకు ముందే ఐరోపాలో మఱొక పూవునకున్నది.

మిరపయు ఆ దారినే వచ్చినది. ‘మిరియపుకాయ’యే మిరపకాయ యైనదనుట యుక్తము. ప్రత్తి మాత్రము ఈ దేశమున అతిప్రాచీనము. వచ్చిన రెండింటిలో ఒకదానికి రుచినిబట్టి, మఱొకదానికి రూపమునుబట్టి మనవారు పాతమాటలతోనే పేర్లు పెట్టుకొనిరి.

చిక్కంతయు ఈ పాతమాటలతోనే. పూవుకంటె పేరు ప్రాచీనము. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి నాశ్రయించిన ఎఱ్ఱన 14వ శతాబ్దివాడు. కొండవీటి ఆస్థానమున నున్న శ్రీనాథుడు 15వ శతాబ్ది పూర్వార్ధమువాడు. ఈ మైదానములందే కావ్యములు చెప్పిన ఆ మహాకవు లిరువురును బంతిపూవును చూచి యుండరు. ప్రాచీన కావ్యములలో వచ్చు ‘పూబంతి’, ‘విరిబంతి’ యనునవి పూలతో కట్టిన చెండ్లు. వానికి నేటి బంతిపూవని అర్థము వ్రాయుట కాలవిరోధము. అట్లే 12వ శతాబ్దినాటి పల్నాటి వీరులతో సమకాలికమని చెప్పబడు ఏ పాటలోనైన బంతిపూల వర్ణన యున్నచో, ఆ చరణము 16వ శతాబ్దికి పూర్వము పుట్టినది కాదనవలెను. పాట మొత్తము కొత్తదని దీనివలన తేలదు. నోటిపాటలో పాత చరణము ప్రక్కన కొత్తది చేరుట సహజము. ఇతర సాక్ష్యములు లేనిచోట ఒక్క పూవు పేరు పొర విడదీయుటకు చాలును. పరిష్కర్తలు దీనిని ఉపేక్షింపరాదు.

పేరు కుదురుకొన్న పిమ్మట అర్థము మఱుగుపడినది. ముద్దబంతి యను మాట చూడుడు. బంతి యనగానే గుండ్రనిదని తోచుచుండినచో ముద్ద యను విశేషణ మేల? ముద్దమందారమునందువలె ఇది రేకులు పొరలుపొరలుగా నుండుటను తెలుపును. రేకబంతి యను వ్యవహారము పుట్టుటయు బంతి ఆకారవాచకముగాక జాతివాచకమైన పిమ్మటనే. ముదురెరుపు రేకుల చిన్నపూవును కారబంతి యందురు. అది గుండ్రనిదికాదు, అయినను బంతియే. ఇందలి మొదటి పదము కారుచీకటి, కారుమబ్బులలోని ‘కారు’ శబ్దమని నాకు తోచుచున్నది. రంగులోని నలుపుజీర ఆ పేరునకు తగియున్నది. మిరపచేల నడుమ పెరిగినవారికి మొదట కారమే స్ఫురించుట సహజమే గాని, ఆ పూవున ఘాటు వాసన యేగాని కారము లేదు.