రోడ్డు లేచింది, వాకిలి దిగింది

భీమునిపట్నం నుంచి నర్సీపట్నం పోయే రోడ్డును ఈ చుట్టుపక్కల బీఎన్ రోడ్డు అంటారు. చోడవరం, వడ్డాది దాటి రావికమతం చేరి, అక్కణ్ణుంచి కొత్తకోట, రోలుగుంట మీదుగా సాగిపోతుంది. ఇలాంటి ఊళ్లలో వీధుల్లోకి దిగి పాత పెంకుటిళ్లను కాస్త నిలబడి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. కట్టిన నాడు వీధికి మోకాలెత్తున ఉండాలని వేసిన అరుగు, ఇప్పుడు రోడ్డుతో సమానంగానో, ఒక మెట్టు కిందో ఉంటుంది. ఇల్లు కుంగిపోయిందేమో అనుకుంటారు కొత్తవాళ్లు. ఇల్లు కుంగలేదు. రోడ్డే లేచింది.

గ్రావెల్ మీద మెటల్, మెటల్ మీద తారు, తారు మీద మళ్లీ తారు. లోపలి వీధుల్లోనైతే దాని మీద సిమెంటు. పాతది తవ్వి తీయకుండా వేసిన ప్రతి పొరా రోడ్డును కొన్ని అంగుళాలు పైకి ఎత్తింది. గేటుకీ రోడ్డుకీ మధ్య తేడా వచ్చింది. మోటారు సైకిల్ ఎక్కాలన్నా, కారు లోపల పెట్టాలన్నా ఆ తేడాను పూడ్చే వాలు కావాలి. దాన్నే అందరూ ర్యాంపు అంటున్నారు. ఇంటి ముందు కాంక్రీటు అనేది మన పల్లెల్లో దర్జా కోసం మొదలైన అలవాటు కాదు, రోడ్డు తెచ్చిపెట్టిన అవసరం.

అంతకుముందు వాకిలి లేదని కాదు. రోజూ కొత్తగా తయారయ్యేది.

తెల్లవారకముందే ఊడ్చి, పేడ కలిపిన నీళ్లు చల్లి, ముగ్గు పెట్టడాన్ని ఆచారంగానే చెప్పుకుంటాం గానీ, అందులో సగం మరమ్మతు పని. ఎర్రమట్టి నేల ఎండితే దుమ్ము లేస్తుంది, తడిస్తే బురదవుతుంది. పేడలోని సన్నటి పీచు మట్టి రేణువులను పట్టి ఉంచుతుంది, పైన పలచని పొర కట్టి దుమ్ము లేవకుండా చూస్తుంది. ఆ పొర రోజంతా నడకకు అరిగిపోతుంది, మర్నాడు మళ్లీ వేస్తారు. ఈ రోజువారీ మరమ్మతు చేసినవాళ్లు ఆడవాళ్లు. కూలి లెక్కల్లోకి ఎక్కని పని కాబట్టి, మట్టి వాకిలికి ఖర్చే ఉండేది కాదని మగవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట ఎవరూ ఇంట్లో ఆడవాళ్ల ముందు అనకపోతే మంచిది.

రైతుకు మరో గట్టి నేల తెలుసు. కళ్లం. రావికమతం పేరులోనే కమతం ఉంది, అంటే సేద్యం చేసుకునే భూమి. పంట నూర్చాలంటే ముందు కళ్లం చేయాలి. నేల చెక్కి, రాళ్లు ఏరి, నీళ్లు కొట్టి, పశువులతో తొక్కించి, దిమ్మిసతో అణిచి, పైన పేడతో అలకాలి. గింజ మట్టిలో కూరుకుపోకూడదు, వాన పడితే నీరు నిలవకూడదు. అడుగు అణచకపోతే పైపూత నిలవదన్న సంగతి రైతుకు ఇంజినీరు చెప్పాల్సిన అవసరం రాలేదు. కాంక్రీటు వాకిలి పగిలిన ఇళ్లలో చాలాసార్లు తప్పు సిమెంటుది కాదు, ఈ దిమ్మిస పని ఎగ్గొట్టడమే.

మట్టికీ సిమెంటుకూ మధ్య ఇంకో తరం ఉంది. సున్నం గచ్చు. గుడి మండపాల్లో, జమీందార్ల లోగిళ్లలో, కలిగినవాళ్ల ఇళ్లలో మాత్రమే ఉండేది. కాల్చిన సున్నాన్ని, ఇసుకను గుండ్రటి కాలువలో పోసి, ఎడ్లు లాగే రాతి చక్రంతో నూరేవారు. దాన్నీ గానుగ అనే అన్నారు. చెరకు ఆడేదీ గానుగే, నూనె తీసేదీ గానుగే, సున్నం నూరేదీ గానుగే. ఎద్దు తిరిగే దారి ఒక్కటే, రాలేది వేరు.

ఆ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. ఈ రెండూ ఈ ప్రాంతానికి వెతుక్కోవాల్సిన సరుకులు కావు. బెల్లానికి అనకాపల్లి మార్కెట్ దేశంలోనే పేరున్నది. కరక్కాయ పక్కనున్న మన్యం కొండల నుంచి దిగేది. బెల్లం సున్నానికి జిగురునిచ్చేది, పనితనం పెంచేది. మేస్త్రి రోజుల తరబడి కొట్టి, నునుపు చేసి, తడిపి ఉంచితే ఆ గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల మీద ఏళ్లు గట్టిపడేది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సున్నానికి మందైన బెల్లం సిమెంటుకు విషం. 50 కిలోల బస్తాకు పాతిక గ్రాముల పంచదార కలిస్తే చాలు, గట్టిపడటం గంటల కొద్దీ వెనకబడుతుంది. మోతాదు మించితే ఆ కాంక్రీటుకు రావాల్సిన బలం రాదు. చెరకు పండే ఊళ్లో బెల్లం వండిన చోట వాడిన పీపా తెచ్చి, కడగకుండా కాంక్రీటుకు నీళ్లు పట్టడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఈ ప్రాంతంలో రోడ్డు అన్న మాటకు ఇంకో బరువు కూడా ఉంది. బ్రిటిష్ కాలంలో నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వైపు రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లను అరకొర కూలికి వెట్టి చేయించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన దాడుల వెనుక ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. నర్సీపట్నం దారుల్లో పడిన రాయి లెక్కను క్యూబిక్ అడుగుల్లోనే చూస్తే చరిత్ర సగమే తెలుస్తుంది.

సిమెంటు కథ ఇంకా దూరంలో మొదలైంది. 1824లో ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రి పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బెల్‌ఫౌంటెన్ అనే చిన్న ఊళ్లో జార్జ్ బార్తొలొమ్యూ 1891లో వీధిలో కాంక్రీటు వేస్తానంటే ఊరివాళ్లు నమ్మలేదు. సరుకు తానే ఇచ్చి, అయిదేళ్లు నిలుస్తుందని 5,000 డాలర్లకు పూచీ రాసిచ్చాకే ఒప్పుకున్నారు. ఆ ఊళ్లో అప్పుడు పోసిన కాంక్రీటులో కొంత భాగం నేటికీ ఉంది. మన పంచాయతీల్లో కాంట్రాక్టరు చేత అలాంటి పూచీ రాయించుకుంటే ఎంతమంది టెండరు వేస్తారో చూడాలి.

మన దేశంలో సిమెంటు తయారీకి మొదటి ప్రయత్నం మద్రాసులో, 1904లో. సముద్రపు గవ్వలను ముడిసరుకుగా తీసుకున్నారు. నిలదొక్కుకోలేదు. గుల్ల సున్నం తెలిసిన కోస్తావాళ్లకు ఆ ఆలోచన వింతేమీ కాదు. 1914లో గుజరాత్ తీరంలోని పోరుబందరులో ఫ్యాక్టరీ నిలబడ్డాక దేశవాళీ సిమెంటు నిజంగా మొదలైంది. 1936లో ఆంధ్రా సిమెంట్స్ కంపెనీ ఏర్పడింది. 1958లో మాచర్లలో కేసీపీ ఫ్యాక్టరీ వచ్చింది. అయినా పల్లెటూరి వాకిలికి సిమెంటు రావడానికి ఇంకో తరం పట్టింది. కారణం దూరం కాదు, పర్మిట్.

ఇప్పటి కుర్రవాళ్లకు నమ్మబుద్ధి కాదు గానీ, ఒకప్పుడు సిమెంటు కంట్రోలు సరుకు. బస్తాలు కావాలంటే ఇంటి ప్లాను చూపించి, అర్జీ పెట్టి, ఎదురుచూడాలి. అలా దొరికిన పది బస్తాలను ఎవరైనా వాకిట్లో పోస్తారా? శ్లాబుకూ నూతి గట్టుకూ దాచుకుంటారు. సిమెంటు కేటాయింపుల వివాదంలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతూలే 1982 జనవరిలో రాజీనామా చేయాల్సి వచ్చిందంటే, బూడిదరంగు పొడికి ఆనాడు ఎంత గిరాకీయో ఊహించుకోవచ్చు. ఆ వెంటనే ఫిబ్రవరిలో కంట్రోలు కొంతవరకు సడలించారు. 1989 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు. పల్లె వాకిలికి సిమెంటు అందుబాటులోకి వచ్చింది ఆ తర్వాతే.

సరిగ్గా అప్పుడే విశాఖ తీరంలో ఇంకో మార్పు. 1990లో విశాఖ ఉక్కు కర్మాగారంలో ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఇనుము తీసేటప్పుడు తేలే స్లాగ్ అనే చిట్టాన్ని నీళ్లతో చల్లార్చి, నూరి, క్లింకరుతో కలిపితే స్లాగ్ సిమెంటు అవుతుంది. 2002లో పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం మొదలయ్యాక బొగ్గు బూడిదకూ కొదవ లేకుండా పోయింది. ఆ బూడిద గురించి విశాఖలో అంతకుముందే బుర్ర పెట్టినవాళ్లు ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ దంపతులు. ఫ్లై యాష్‌కు సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చకుండానే గట్టిపడే ఇటుకను వాళ్లు తయారుచేశారు. దానికి ఫాల్‌-జి అని పేరు పెట్టారు. గానుగలో నూరిన సున్నం ఇలా చుట్టు తిరిగి మళ్లీ గోడలోకి వచ్చింది.

ఈ స్లాగ్ సిమెంటు, బూడిద సిమెంటు మంచివే, నీటి తాకిడికి బాగా ఓర్చుకుంటాయి. అయితే నెమ్మదిగా బలం పుంజుకుంటాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టమంటే, ఇలాంటి కలగలుపు సిమెంటుకు కనీసం 10 రోజులు పట్టమంటుంది, 14 అయితే మరీ మేలంటుంది. మూడో రోజుకే గోనెసంచులు తీసేసి బండి ఎక్కించే ఇంటాయన, తన చేతులతోనే వాకిలి ఆయుష్షు తగ్గిస్తున్నాడు.

ఇక సీసీ రోడ్ల కాలం. 2005 ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అమల్లోకి వచ్చింది. ఆ చట్టం కింద ఖర్చులో కనీసం 60 శాతం కూలికి పోవాల్సి ఉండేది, మిగిలిన 40 శాతం వరకు సామగ్రికి వాడుకునే వీలుండేది. ఆ సామగ్రి వాటాతోనే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో వీధి వీధికీ సిమెంటు రోడ్లు పరుచుకున్నాయి. 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో మరో విడత మొదలైంది. బురద పోయింది, స్కూలు పిల్లల చెప్పులు మిగిలాయి. కానీ వీధి గట్టిపడి ఎత్తయ్యాక, ఇన్నాళ్లూ వీధి మట్టిలో ఇంకిపోయే వాన ఇంటి గుమ్మం వైపు తిరిగింది. మట్టి వాకిలి ఉన్న ఇంటికి ముందు కష్టం వచ్చింది. దాంతో పది బస్తాల సిమెంటు, ఒక ట్రాక్టరు ఇసుక, ఒక ట్రాక్టరు పిక్క తెప్పించక తప్పలేదు.

ఇలా వచ్చిన వాకిళ్లు ఎందుకు పగులుతున్నాయి? ముందు చెప్పుకున్న దిమ్మిస ఒకటి. రెండోది నీళ్లు. కాంక్రీటు తేలిగ్గా జారాలని కూలీలు బకెట్ మీద బకెట్ పోస్తారు. సిమెంటు, ఇసుక, పిక్క ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపే ఎం20 మిశ్రమంలో 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదని అదే ఐఎస్ 456 అంటుంది. ఇసుకలో ఉన్న తడి కూడా అందులో భాగమే. ఎక్కువైన ప్రతి లీటరూ ఎండలో ఆవిరై పోయి, తన చోట సందు మిగిల్చి పోతుంది. పోసేటప్పుడు నీళ్లు తక్కువ, పోశాక నీళ్లు ఎక్కువ కావాలి. మన దగ్గర జరిగేది చాలావరకు దీనికి తలకిందులు.

మూడోది మందం. కారుకూ మోటారు సైకిల్‌కూ 4 అంగుళాలు చాలు. చెరకు బండి, ఇసుక ట్రాక్టరు లోపలికి వచ్చే ఇల్లయితే 6 అంగుళాలు కావాలి. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు వాకిలిని 4 అంగుళాల మందంతో పోస్తే రెండు ఘనపు మీటర్లకు కొంచెం తక్కువ కాంక్రీటు, సుమారు 15 బస్తాల సిమెంటు పడుతుంది. కాంక్రీటు ఎండుతూ ముడుచుకుంటుంది, ఎక్కడో ఒకచోట చీలక మానదు. అందుకే 8, 10 అడుగులకు ఒకచోట, మందంలో నాలుగో వంతు లోతున, మర్నాటికల్లా గాడి కోయాలి. పగులు ఆ గాడిలోపలే దాక్కుంటుంది. ఈ ఒక్క పనికి మాత్రం చాలామంది మేస్త్రులు మొహం చిట్లిస్తారు, అందమైన గచ్చును తామే కోసుకోవడమేమిటని.

సంక్రాంతికి ఆ గచ్చు మీద కూడా ముగ్గు పడుతూనే ఉంది. పేడ పట్టదు కాబట్టి కొందరు షాపులో కల్లాపు పొడి కొంటున్నారు, ఇంకొందరు ఏడాదంతా నిలిచేలా పెయింటుతోనే ముగ్గేస్తున్నారు.

వాకిలి పోయించబోయేవాళ్లు రెండు పనులు చేయాలి. ముందుగా, వీధిలో సీసీ రోడ్డు పడిందా, ఇంకా పడాలా, పడితే ఎంత ఎత్తున పడుతుందో పంచాయతీలో అడిగి రండి. తర్వాత, సెంట్రింగ్ చెక్కలు బిగించాక, కాంక్రీటు కలపకముందే, గేటు దగ్గర ఒక బిందెడు నీళ్లు ఒంపి చూడండి. అవి గోడ కిందికి కాకుండా కాలువ వైపు పారాలి. అడుగుకు పావు అంగుళం వాలు చాలు. 20 అడుగుల వాకిలికి అది 5 అంగుళాలవుతుంది.