రేవు

విశాఖపట్నానికి బిరుదులు తక్కువేమీ కాదు. సిటీ ఆఫ్ డెస్టినీ అంటారు, తూర్పు తీరపు ఆణిముత్యం అంటారు. వైశాఖేశ్వరుడి గుడి సముద్రంలో కలిసిపోయిందనీ, ఆయన పేరే ఊరికి మిగిలిందనీ పెద్దలు చెప్పే కథ ఒకటుంది. ఇవన్నీ పక్కనబెట్టి ఒక్క మాటలో ఈ ఊరిని చెప్పమంటే, వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన నేను రేవు అంటాను.

కొండ అనొచ్చు, సముద్రం అనొచ్చు. ఆ రెండూ భీమిలికీ ఉన్నాయి. డచ్చివాళ్ల కాలం నుంచీ భీమిలి పేరుమోసిన వర్తక స్థావరం. అక్కడి నుంచి ఎగుమతైన మన గోగునారకు విదేశాల్లో బిమ్లీ జూట్ అని ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. అలాంటి భీమిలి చిన్న పట్నంగా మిగిలితే, విశాఖ మహానగరమైంది. తేడా తెచ్చింది తవ్వి కట్టుకున్న ఓడరేవు.

అవును, తవ్వి కట్టుకున్నదే. అంతకుముందు పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేసేవి. తాళ్లతో కుట్టిన మసూలా పడవలు కెరటాల మీదుగా సరుకునూ మనుషులనూ చేరవేసేవి. ఆ ఒడ్డున 1780 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ సిపాయిలను ఓడ ఎక్కమన్నారు. మద్రాసు వెళ్లి హైదర్ అలీతో పోరాడాలి. వాళ్లు ఎక్కలేదు, తుపాకులు దొరల మీదికే తిప్పారు. తిరుగుబాటు త్వరగానే అణిగిపోయింది గానీ, 1857కి డెబ్భై ఏడేళ్ల ముందు మా ఊళ్లో ఎదురు తిరిగినవాళ్లున్నారు.

యారాడ కొండకీ రాస్ హిల్‌కీ మధ్యనుంచి ఉప్పుటేరు సముద్రంలో కలిసేది. దాని వెనకంతా చిత్తడి నేల. ఇక్కడ లోపలికి రేవు తవ్వొచ్చని 1914లో కల్నల్ కార్ట్‌రైట్ రీడ్ నివేదిక ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పని బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. వాళ్లకు కావలసింది మధ్య పరగణాల మాంగనీసుకు సముద్రపు దారి. అందుకే రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు పట్టాలు వేశారు. ఇక్కడ బురద తోడుతుంటే తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక ముఖద్వారాన్ని పూడ్చేసేది. దానికి విరుగుడుగా జేనస్, విలెస్‌డన్ అనే రెండు పాత ఓడలను అక్కడే ముంచి అడ్డుగోడ చేశారు. ఓడలు రావడానికి ఓడలనే ముంచిన ఊరు మాది.

1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ లాంఛనంగా రేవును ప్రారంభించాడు. ఆ దారికి ఎగువన మూడు కొండల మీద ఒక వేంకటేశ్వరుడి గుడి, ఒక చర్చి, ఒక దర్గా ఉన్నాయి. వెళ్లే ఓడలు ఇషాక్ మదీనా దర్గాకు జెండా దించి దణ్ణం పెట్టేవని పాతవాళ్లు చెప్పుకునేవారు.

రేవు వచ్చాక మంచీ చెడూ ఆ దారినే వచ్చాయి. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు రేవు మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. 1948 మార్చిలో ఇక్కడ కట్టిన జలఉష ఓడను నెహ్రూ నీటిలోకి దింపారు. ఆ నౌకా నిర్మాణ కేంద్రం చేతులు మారి ప్రభుత్వానిదైంది. మా సిటీ బస్సులో మాత్రం ఇప్పటికీ సింధియా అనే టికెట్ అడుగుతాం. కూలికి రంగూను వెళ్లిన ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడ బతుకు చెడి తిరిగొస్తే, వాళ్లు తలదాచుకున్న చోటు బర్మా క్యాంపు అయింది.

అయితే రేవుకు ఒక గుణం ఉంది. వచ్చిన సరుకును అది ఉంచుకోదు. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. అరకు వెళ్లేవాళ్లు సొరంగాలు చూసి మురిసిపోయే దారి అదే. ఆ ఖనిజం జపానుకు పోవాలి. పెద్ద ఓడలు కావాలి కాబట్టి 1976 నాటికి ఔటర్ హార్బర్ కూడా తయారైంది. ఖనిజం ఓడెక్కి పోయింది. దాని ధూళి మాత్రం వన్‌టౌన్ డాబాల మీద ఆరేసిన బట్టలకు మిగిలింది.

ఆ గుణానికి ఊరు ఒక్కసారి గట్టిగా ఎదురు తిరిగింది. ముడిసరుకు మన ముందునుంచి పోతుంటే ఇక్కడే ఉక్కు ఎందుకు చేయకూడదన్నది 1966 నాటి ప్రశ్న. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు, తెన్నేటి విశ్వనాథం ముందు నిలిచారు, విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అనే నినాదం రాష్ట్రమంతా మోగింది. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు, ఎన్నో ఊళ్లు భూములిచ్చి లేచిపోయాయి, 1992లో పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. తీరా చూస్తే దానికి సొంత ఇనుప గనుల్లేవు. బైలడిల్లా ఖనిజాన్ని కొనుక్కోవాలి, కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి దిగాలి. తీరాన కట్టిన ఉక్కు కర్మాగారమూ చివరికి రేవు మీదే ఆధారపడింది.

ఇప్పుడు మధురవాడ, రుషికొండ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లల్లో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. ఎక్కడివాడివని ఈ ఊరు పెద్దగా అడగదు. రేవులో పుట్టిన మర్యాద అది. కానీ వచ్చిన పెట్టుబడినల్లా మాకేం మిగులుస్తావని మాత్రం అడగాలి. 1780లో ఓడ ఎక్కబోమని మొండికేసినవాళ్లూ, 1966లో ఉక్కు ఇక్కడే చేయాలన్నవాళ్లూ తలా ఒక రకంగా అడిగింది అదే. డెస్టినీ అనుకుంటే ఎదురుచూస్తూ కూర్చోవచ్చు. రేవు అనుకుంటే ఏది దిగుతోందో, ఏది పోతోందో లెక్క చూసుకోక తప్పదు.