డాలు కొలతను నిర్ణయించినదేమి?

అబిడ్సునుండి నాంపల్లి స్టేషను దాటి ముందుకు సాగినచో పబ్లిక్ గార్డెన్సు వచ్చును. అందు 1930లో నెలకొల్పబడిన పురావస్తు ప్రదర్శనశాల కలదు. అచటి ఆయుధముల విభాగమును చూడవచ్చిన విద్యార్థులు కత్తులయొద్ద చాలసేపు నిలుతురు. డాళ్ళను ఒక్క చూపుతో దాటిపోవుదురు. కాని డాలు ఎంత యుండవలెనన్నది ఒక లెక్క. ఆ లెక్క తప్పినచో పోవునది ప్రాణము.

డాలునకు తెలుగున పలక, కేడెము అను పేర్లును కలవు. అన్ని కాలములందును అన్ని డాళ్ళును ఒకే తీరున లేవు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరుపై దండెత్తిన వృత్తాంతమును న్యూనిజ్ అను పోర్చుగీసువాడు తరువాత వ్రాసియుంచెను. ఆ సేనలోని కాలిబంట్ల డాళ్ళు దేహమునంతను కప్పునంత పెద్దవనియు, అందుచే వారికి వేరుగా కవచముతో పనిలేదనియు అతడు చెప్పెను. విలుకాండ్రకు రెండుచేతులును వింటికే కావలెను. కనుక వారు దూది కుట్టిన అంగీలు తొడిగిరి. అనగా డాలును కవచమును ఒకదానికొకటి బదులు. ఒకటి పెరిగినచో రెండవది తగ్గవచ్చును.

మరి అందరును పెద్ద డాలునే ఏల పట్టలేదు? ఇచట గణితము అడ్డువచ్చును. వృత్త వైశాల్యము వ్యాసార్ధ వర్గమును అనుసరించి పెరుగును. 50 సెంటీమీటర్ల వ్యాసముగల గుండ్రని డాలు వైశాల్యము సుమారు 1,960 చదరపు సెంటీమీటర్లు. దానిని 2 మిల్లీమీటర్ల మందముగల ఉక్కు రేకుతో చేసినచో దాదాపు 3 కిలోగ్రాములు తూగును. వ్యాసమును రెట్టింపు చేసి 100 సెంటీమీటర్లు చేసినచో బరువు రెట్టింపు కాదు. నాలుగు రెట్లై 12 కిలోగ్రాములు దాటును. ఆ బరువును ఎడమచేత ఎత్తిపట్టి ఎంతసేపు పోరాడగలరు? కావుననే పెద్ద డాళ్ళకు తోలు, కొయ్య, బెత్తము వంటి తేలిక పదార్థములు తగినవి. ఉక్కు నీటికంటె ఎనిమిది రెట్లకు కొంచెము తక్కువ సాంద్రత గలది. ఎండిన తోలు సాంద్రత ఇంచుమించు నీటితో సమానము.

గుఱ్ఱపురౌతు లెక్క వేరు. ఎడమచేత కళ్ళెమును డాలును కూడ సంబాళింపవలెను. డాలు గుఱ్ఱము మెడకు తగులరాదు. కనుక అతనికి చిన్న గుండ్రని డాలు అనుకూలము. దక్కను డాళ్ళు నడుమ ఉబ్బి, అంచులవైపు వాలియుండును. కత్తివ్రేటు ఆ వాలుపై జారి ప్రక్కకు పోవును; పూర్తి బలము చేతికి తగులదు. పైన కనబడు నాలుగు గుబ్బలు కేవలము అలంకారములు కావు. లోపలి పిడులను పట్టియుంచు కడియముల చీలలు వాని క్రింద బిగింపబడును. పిడికిలికి దెబ్బ తగులకుండ వెనుక చిన్న మెత్తయు నుండును.

ఐరోపాలోను ఇదే న్యాయము. 1066 నాటి హేస్టింగ్సు యుద్ధమును చిత్రించిన బేయూ వస్త్రముపై నార్మను రౌతుల డాళ్ళు పైన వెడల్పుగాను, క్రింద మొనదేలియు నుండి, ఎడమకాలిని కూడ కాపాడును. 15వ శతాబ్దమునకు నిలువెల్ల ఉక్కు పలకల కవచము రాగా, అట్టి కవచధారులు డాలును చాలవరకు విడిచిరి.

చిన్న డాలు ఎంత కాపాడును? 1687 సెప్టెంబరులో, ఎనిమిది మాసముల ముట్టడి తరువాత, ఔరంగజేబు సేన తెరచిన తలుపుగుండ గోలకొండలో ప్రవేశించెను. తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ జీనులేని గుఱ్ఱమెక్కి, ఒకచేత కత్తియు ఒకచేత డాలును ధరించి, పది పన్నెండుమందితో ఎదురేగెనని చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాసెను. అతని దేహముపై దాదాపు 70 గాయములు లెక్కింపబడినవి. ఎదురుగా నిలిచిన మనుష్యుని దేహము సుమారు 6,000 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో, పైన చెప్పిన 50 సెంటీమీటర్ల డాలు అందు మూడవవంతును మాత్రమే కప్పును. అదియు ఒక దిక్కుననే. చుట్టుముట్టిన కత్తులకు మిగిలిన భాగమంతయు తెరచియే యుండును. ఐనను లారీ మరణింపలేదు. శస్త్రవైద్యుల చికిత్సచే కోలుకొనెను.

తుపాకి ఈ లెక్కను తారుమారు చేసెను. గుండును ఆపవలెనన్న రేకు మందమును పెంచవలెను; మందము రెట్టింపైనచో బరువును రెట్టింపగును. మోయగల డాలు గుండును ఆపలేదు. గుండును ఆపగల డాలును మోయలేరు. అందుచే డాలు క్రమముగా యుద్ధమునుండి తొలగి, హోదాకు చిహ్నముగా మిగిలెను.

ఐనను అది పూర్తిగా పోలేదు. రాళ్ళు రువ్వు గుంపుల నెదుర్కొను పోలీసులు నేడును పొడవైన పారదర్శకపు ప్లాస్టిక్ డాళ్ళను పట్టుదురు. వరుసగా నిలుచు కాలిబంటుకు నిలువెత్తు డాలు, దానికి తేలికైన పదార్థము: రాయచూరునాటి లెక్కయే ఇది. ఉపాధ్యాయులు విద్యార్థులను ప్రదర్శనశాలకు కొనిపోయినపుడు ఒక డాలు వ్యాసమును అంచనా కట్టించి, వైశాల్యమును, బరువును గణింపజేసినచో, చరిత్రయు గణితమును ఒకే పాఠమున నేర్పినట్లగును.