మఖలో ముడత పడ్డ చేను

మఖ కార్తె సగమైంది. చినుకు మొహం చూపించలేదు. అనంతపురం జిల్లా రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానం దాటాక రోడ్డు దిగి గట్టెక్కితే చెనక్కాయ (వేరుశనగ) చేను కనబడుతుంది, అక్కడక్కడా మంట తగిలినట్టు గోధుమరంగుకు తిరిగి. ఎండకు మాడిందేమో అంటారు మీరు. వెంట వచ్చిన పెద్దాయన సాలు పక్కన గొంతుక్కూర్చుని ఒక ఆకు తుంచి మీ చేతిలో పెడతాడు.

"ఎండకు గాదప్పా. ఇప్పి సూడు."

రెండు రెబ్బలు అతుక్కుని ఉన్నాయి. గోటితో విడదీస్తే సన్నటి దారాలు సాగి తెగుతాయి. లోపల నల్లతల, లేత ఆకుపచ్చ ఒళ్లు, అర సెంటీమీటరు పురుగు. వెలుతురు తగలగానే మెలికలు తిరిగి వెనక్కి జరుగుతుంది. చుట్టూ దాని పెంట. పచ్చదనమంతా లోపలివైపు నుంచి గీకి తినేసింది, పల్చటి పొర మాత్రం మిగిల్చింది.

ఇంకా ముడవని ఆకొకటి తీసి సూర్యుడికి అడ్డం పెట్టండి. నడిమి ఈనె దగ్గర చిన్న గోధుమరంగు బొబ్బ. పిల్లపురుగు ఆకు రెండు పొరల మధ్య దూరి తింటోంది. ఐదారు రోజులకు ఆ సందు చాలదు. బయటికొచ్చి, రెబ్బల్ని దారంతో కుట్టుకుని అందులో కాపురం పెడుతుంది. పురుగు ప్యూపాగా మారేదీ ఆ ముడతలోనే. గుడ్డు నుంచి రెక్కల దాకా దాదాపు నెల. నూరు రోజులు దాటే పంటలో ఎన్ని కాన్పులో లెక్కేసుకోండి.

నడుస్తుంటే కాళ్ల దగ్గర బూడిదరంగు నలుసులు లేస్తాయి. ఒకటి మీ చొక్కా మీద వాలింది. ఆరు మిల్లీమీటర్లుంటుందేమో, రెక్క అంచున తెల్లచుక్క. శాస్త్రవేత్తలకు ఇది అప్రోఎరీమా మోడిసెల్లా, ఇక్కడ ఆకుముడత. సోయాచిక్కుడునూ వదలదు. చేలో చెనక్కాయ లేని రోజుల్లో గట్టు మీది బావంచాల మొక్కైనా దీనికి చాలు. 1998లో ఉగాండాలోనూ వేరుశనగ మీద పడింది.

అనంతపురంలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ, అదీ ఒక వరసన పడదు. బెట్ట సాగేకొద్దీ ముడత పెరుగుతుంది, జోరువాన కొడితే అణిగిపోతుంది. అంటే చేను దాహంతో ఉన్నప్పుడే ఇది వచ్చి కూర్చుంటుంది. చేను ఎర్రబడ్డాక స్ప్రేయరు భుజానికెత్తుకోవడం, నా మట్టుకు, చాలావరకు దండగ. అప్పటికి తినాల్సింది తినేసింది, మిగిలింది ముడత చాటున ఉంది. చూడాల్సింది బొబ్బల్ని. ఆడపురుగు వాసన పూసిన లింగాకర్షక బుట్టలు చేలో పెడితే మగ రెక్కలపురుగుల రాక ముందే తెలుస్తుంది. రాత్రి దీపం కింద కిరసనాయిలు కలిపిన నీళ్ల తొట్టి పెట్టినా పడతాయి. సజ్జ సాళ్లు కలిపి వేస్తే దీని మీద బతికే పరాన్నజీవులకు ఆసరా.

"మరి మందు కొట్టరా?" అని అడుగుతారు.

"వాన పడితే మందెందుకు? పడకుంటే మందుకు లెక్క యాడిది? పోయిన కారు బాకీ ఇంగా అంగట్లోనే ఉండాది."

ఆయన ఒక చెట్టు పీకుతాడు. నాలుగు ఊడలు గట్టిమట్టి పైనే ఆగి, కొసలు ఎండి ఉన్నాయి. ఒక్కటి మాత్రం దిగి, పిందె పట్టింది. దాన్ని చిదిపి చూసి అంటాడు: "ఆకు సంగతి తర్వాత. ముందు ఇవి దిగల్లంటే పదును కావల్ల."