గంటపూవు, లొబీలియా: పూవు చెప్పు సాక్ష్యము

1809వ సంవత్సరము డిసెంబరు నెలలో, అమెరికా దేశమున మాసాచుసెట్సు రాష్ట్రమందలి సేలము పట్టణములో ఒక హత్యానేరపు విచారణ జరిగినది. ముద్దాయి పేరు సామ్యుయేలు థామ్సన్. ఆయన వైద్యవిద్యాలయములో చదివినవాడు కాడు. పల్లెలు తిరిగి మూలికలతో చికిత్స చేయువాడు. ఆయన ఇచ్చిన మందు వలన ఎజ్రా లొవెట్ అను యువకుడు మరణించెనని అభియోగము. ఆయన వాడుకలో ముఖ్యమైన మూలిక లొబీలియా. దానికి వాంతి చేయించు గుణము కలదు. మోతాదు మించిన విషమగును.

థామ్సన్ తన జీవితకథలో వ్రాసికొన్న దానిని బట్టి, విచారణలో లొబీలియా యని చూపబడిన మొక్క తీరా చూడగా లొబీలియాయే కాదని, వేరొక మొక్కయని తేలెను. చంపవలెనన్న దుర్బుద్ధి రుజువు కానందున ఆయన నిర్దోషిగా విడుదలయ్యెను. అది వేరు మాట. ఒక మనుష్యుని ప్రాణము పోయినది. మరియొకని ప్రాణము త్రాసులో నున్నది. అట్టి వేళ మొక్కను గుర్తించుటలోనే పొరపాటు! ఆ కథ చదివినప్పుడెల్ల, చేత ఒక్క పూవుండి, దానిని చూచుట తెలిసిన చాలును గదా యని నేననుకొందును.

ఆ చూచు విధమును చెప్పెదను. అమెరికా తూర్పు భాగపు అడవులలో వేసవి చివర రెండు నీలిపూల మొక్కలు కనబడును. రెండును నిలువుగా ఎదిగి, వెన్నుపొడుగునను పూయును. ఒకటి గంటపూవు జాతిది. శాస్త్రమున కాంపాన్యులా యందురు. ఆ మాటకు లాటిను భాషలో చిన్నగంట యని అర్థము. రెండవది నీలి లొబీలియా. దూరమునుండి చూచిన రెండును ఒకటే యనిపించును.

గంటపూవున ఐదు రేకులు అడుగున కలసియుండి, అంచున ఐదు మొనలు సమానముగా నుండును. మన ఉమ్మెత్తపూవు వలె, ఎటు త్రిప్పినను ఒకటే రూపు. గంట ఆకారమునే నమ్మితిమా, మోసపోదుము. ఏలయన, నేను చెప్పిన ఆ అమెరికా మొక్క గంటపూవు జాతిదేయైనను, దాని పూవు గంటవలె గాక నక్షత్రమువలె విచ్చియుండును. కావున గంటను గాక సమత్వమును చూడవలెను.

లొబీలియా పూవు అట్లు కాదు. మన తుమ్మిపూవు వలె దానికి పెదవులు రెండు. పైపెదవికి రెండు మొనలు, క్రిందిపెదవికి మూడు. గొట్టము పైవైపున నిలువున చీలియుండును. లోపలి ఐదు కేసరముల పుప్పొడితిత్తులు ఒకదానినొకటి అంటుకొని చిన్న గొట్టమై, నడిమి కీలమును చుట్టుకొనును. గంటపూవున ఆ తిత్తులు సామాన్యముగా విడివిడిగా నుండును.

ఈ భేదమును గొప్పగా లెక్కచేసినవాడు స్వీడను దేశపు లినేయసు. 1753లో వెలువడిన తన గ్రంథములో ఆయన కేసరములను బట్టి మొక్కలను తరగతులుగా విభజించెను. ఆ లెక్కన గంటపూవు ఐదవ తరగతిలో చేరగా, తిత్తులు కలసిన లొబీలియా చామంతి, పొద్దుతిరుగుడు మొక్కలతోగూడ పందొమ్మిదవ తరగతికి పోయెను. 1789లో ఫ్రాన్సు దేశపు జస్యూ అనేక లక్షణములను కలిపి చూచి రెండింటిని ఒక్క గుంపున చేర్చెను. రెండింటను పిందె రేకుల క్రిందనే యుండును. సామాన్యముగా త్రుంచిన పాలు కారును. నేటి శాస్త్రజ్ఞులును వీటిని ఒకే కుటుంబమున నుంతురు. ఒక్క గుర్తు వేరు చేయును. పెక్కు గుర్తులు బంధుత్వమును తెలుపును.

ఇందొక వింత కలదు. లొబీలియా యను పేరు మథియాస్ దె లొబెల్ అను వైద్యుని పేరునుండి వచ్చినది. ఆయన 1538లో జన్మించి 1616లో లండను దగ్గర మరణించెను. ఆయన మొక్కలను ముఖ్యముగా ఆకులను బట్టి వర్గీకరించెను. ఆకులను నమ్మినవాని పేరు, పూవును చూడక గుర్తింపరాని మొక్కకు దక్కినది!

మనకిది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన పడమటి కనుమలలో పొగాకువంటి పెద్ద ఆకులు గల లొబీలియా యొకటి కలదు. దానికి అడవి పొగాకు అను పేరు కలదు. అదియు విషపు మొక్కయే. ఆకును చూచినవాడు పొగాకు అనుకొనును. పూవును చూచినవాడు, పొగాకు పూవువలె ఐదు మొనలు సమముగా లేవనియు, గొట్టము చీలియున్నదనియు కనిపెట్టి చేయి వెనుకకు తీయును.

ఆర్యులారా, తెలియని మూలికను నోట నుంచుకొనువాడు ముందు దాని పూవును అడుగవలెను. పూయకమునుపు అది ఏమొక్కయో చెప్పుటకు తొందరపడకుడు. సేలము పట్టణపు న్యాయసభకు కావలసిన సాక్షి ఆ పూవే.