మూత్రపిండానికీ రక్తపోటుకూ చుట్టరికం

చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లకు పెద్ద జబ్బంటే ఇప్పటికీ రాయవేలూరు ఆసుపత్రే. ఆ పేరు నిలబెట్టిన డాక్టర్ ఐడా స్కడ్డర్ 1900లో తండ్రి బంగళాలో వైద్యం మొదలుపెట్టేనాటికే రక్తపోటు గుట్టు సగం బయటపడింది, ఎవరూ పట్టించుకోలేదంతే. మూత్రపిండాలు గట్టిపడినవారి గుండె పెరుగుతుందని లండన్‌లో రిచర్డ్ బ్రైట్ 1836లోనే రాశాడు. 1898లో స్వీడన్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మాన్‌లు కుందేలు మూత్రపిండపు రసం ఎక్కించి రక్తపోటు పెరగడం చూశారు, ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. ఆ మాట ముప్పై అయిదేళ్లు మూలనపడింది. వైద్యం మాత్రం ఆగలేదు. 1909లో ప్యూజో కారు చేతికొచ్చాక ఐడా గుడియాత్తం బాట పట్టి, దారిపొడవునా కాచుకున్న రోగులను చూసుకుంటూ పోయేవారు.

1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని బిగించి వాటికి బీపీ తెప్పించడంతో రెనిన్ మళ్లీ చర్చకొచ్చింది. ఆ దశకంలోనే ఘెంట్‌లో గూర్మాగ్‌టిగ్ సూక్ష్మదర్శిని కింద రెనిన్ పుట్టే అసలు చోటును పట్టుకున్నాడు. ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల వడపోత గుచ్ఛాలుంటాయి. ప్రతి గుచ్ఛానికీ రక్తం తెచ్చే సన్ననాళం గోడలో రేణువులు నిండిన కణాలుంటాయి. మూత్రం సాగే గొట్టం మెలిక తిరిగొచ్చి సరిగ్గా అక్కడే ఆనుకుంటుంది. ఆనుకున్నచోటి కణాలు, అంటే మాక్యులా డెన్సా, ఎంత ఉప్పు దాటిపోతోందో కనిపెడతాయి. ఉప్పు తగ్గినా, నాళంలో ఒత్తిడి పడిపోయినా రేణువుల కణాలు రెనిన్ వదులుతాయి. దానివల్ల పుట్టే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరాన్ విడిపించి ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలుపుతుంది. నెత్తురు పోయినప్పుడు ప్రాణం కాచే ఏర్పాటిది. ఊరగాయలతో, అప్పడాలతో భోంచేసే మనల్ని ఉద్దేశించింది కాదు.

1971లో మన దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి ఐడా మొదలుపెట్టిన ఆసుపత్రిలోనే, అంటే రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లోనే జరిగింది. మార్చిన మూత్రపిండానికి నరాల సంబంధం తెగిపోయినా, ఈ కణాలు ఒత్తిడినీ ఉప్పునూ చూసుకుని తమ పని తాము చేసుకుపోతాయి. 1981లో పాము విషంపై పరిశోధనల ఫలంగా క్యాప్టోప్రిల్ అనే బీపీ మందు వాడుకలోకొచ్చింది. ఇవాళ్టి ప్రిల్‌లు, సార్టాన్‌లు పనిచేసేది ఆ రెనిన్ వరుస మీదే.

గోల్డ్‌బ్లాట్ బిగింపు మనుషుల్లోనూ కనిపిస్తుంది. మన దేశంలో చిన్న వయసు ఆడవాళ్లకు మూత్రపిండ ధమని సన్నబడడానికి తరచు కారణం టకయాసు వ్యాధి; దానిమీద సీఎంసీ వైద్యులు ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఈ జబ్బులో నాడి అందని చేతికి పట్టీ కడితే బీపీ తక్కువే చూపిస్తుంది, కాలికి కట్టి చూడాలి. రెండు మూత్రపిండాల ధమనులూ సన్నబడ్డవారికి ఆ ప్రిల్ బిళ్లలే వడపోతను పడగొట్టగలవు. అందుకే బిళ్ల మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూపించుకు రమ్మంటారు.